పూత పూయని వేలు

ఫిబ్రవరి వచ్చిందంటే మా అమ్మ మాకు చేత్తో ముద్ద పెట్టడం మానేసేది. మళ్ళీ వానలు పడి, మిర్చి గిడ్డంగుల్లో పని సన్నగిల్లి, చేతులు మామూలు రంగుకు తిరిగేదాకా ఆ చేతులు మా నోటి దగ్గరికి వచ్చేవి కావు. గుంటూరులో మిరపకాయల ముచ్చికలు తీసే ఆడవాళ్ళందరి ఇళ్ళల్లోనూ ఇదే వరస. పొద్దున్నే చేతులకు ఆముదం రాసుకుని కాయల గుట్ట ముందు కూర్చుంటారు. ఒక్కో కాయకూ తొడిమ తుంచి పక్కకు వేస్తూ పోతారు. సాయంత్రం ఇంటికొచ్చి మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చున్నా మంట దిగదు. అలాంటి చేత్తో పసిపిల్ల బుగ్గ నిమిరితే ఇక ఆ పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినపడేది.

ఆ నాలుగు నెలలూ నాకు ముద్దలు పెట్టింది మా అక్క కరుణమ్మ. నాకన్నా ఆరేళ్ళు పెద్దది. అమ్మ కాస్త దూరంగా కూర్చుని, పిల్లకు ఇంకో ముద్ద పెట్టవే అని చెప్పడమే గానీ చెయ్యి చాచేది కాదు. అక్కకు పన్నెండేళ్ళు రాగానే అది కూడా గిడ్డంగికి పోవడం మొదలుపెట్టింది. ఆ ఏడు నుంచి నా ముద్ద నేనే కలుపుకుని తిన్నాను. అక్క పనికి పోతే నేను బడికి పోయాను, ఆ తర్వాత కాలేజీకి, ఆ తర్వాత ల్యాబ్‌కి.

నా పేరు సువార్త. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ల్యాబ్‌లో అందరూ అంటారు. అబద్ధమేం కాదు. ముప్పై ఏళ్ళుగా మైక్రోస్కోప్ ముందు కూర్చున్నదాన్ని, స్లైడ్ మీద వేలిముద్రలు వేసే కొత్త డాక్టర్లను తిట్టకుండా ఎట్లా ఉంటాను? అలాంటి నేను ఒక తప్పు చేశాను. దానికి ఎవర్నీ తిట్టడానికి లేదు. అందుకే ఈ కథ నేనే చెబుతున్నాను.

మా ల్యాబ్‌కు పెద్ద, డాక్టర్ ఇందుమతి గారు. మనిషి సన్నగా ఉంటారు గానీ ఒక పని చేపట్టారంటే ఉడుంపట్టే. మిర్చి పని చేసే ఆడవాళ్ళ చేతుల కోసం ఒక పూతమందు చేయాలని ఆవిడ పట్టుదల. మొదట చేసిన మందు నరాన్ని మాత్రమే మొద్దుబార్చేది. దాంతో మంట సగం తగ్గింది గానీ చేతులు ఎర్రబడటం, వాయడం, పగలడం ఆగలేదు. మిరప కారం తగలగానే నరం ఒక్కటే కాదు, చర్మం కింద కాపలా కాసే కణాలు కూడా గోల పెడుతున్నాయని అప్పుడు బయటపడింది. ఆ గోలను కూడా ఆపాలని ఆవిడ మరో ఐదేళ్ళు కష్టపడ్డారు. చివరికి లేత పసుపు రంగులో, కర్పూరం వాసన వేసే పూత తయారైంది. ఒక్కసారి పూస్తే మూడు నెలలు పనిచేస్తుంది.

మనుషుల మీద మొదటి పరీక్షకు నలభై మంది ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. వాళ్ళల్లో మా అక్క ఒకతి. పూత పూసే రోజు డాక్టరమ్మ గారు గిడ్డంగి వసారాలో ఖాళీ గోనెసంచుల మీద వాళ్ళతో పాటు కూర్చుని, ఇది ఏం చేస్తుందో చెప్పారు. మన ఒంట్లో పుట్టుకతోనే వచ్చే కాపలా కణాలుంటాయి. వాటికి ఏ క్రిమి పేరేంటో తెలియదు. కానీ క్రిముల పైపొరలో మన ఒంట్లో ఎక్కడా ఉండని సరుకు ఉంటుంది. అది తగిలిందంటే చాలు, కాపలా కణం కేక పెడుతుంది. మన కణమే దెబ్బతిని పగిలినా, అందులోంచి ఒలికినదాన్ని చూసి కేక పెడుతుంది. ఆ కేకకు రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తంలోంచి మిగతా సైన్యం దిగుతుంది. వేడి, ఎరుపు, వాపు, నొప్పి అన్నీ ఆ దిగడంలోనివే.

మా అక్క చేతిలో కాయ తిప్పుతూ అంతా విన్నది.

"అంటే మేం తాలు ఏరినట్టేగా డాక్టరమ్మా. ఏ ఊరి కాయ, ఎవురి చేలో కాసింది అని మేం అడగం. రంగు తేడాగా కనపడితే పక్కన పారేస్తాం. అంతేనా?"

డాక్టరమ్మ గారు సంచీలోంచి పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. ఇన్నేళ్ళలో నేను చెప్పిన ఒక్క మాట కూడా ఆవిడ అట్లా రాసుకోలేదు. నాకు కాస్త అసూయగా కూడా అనిపించింది, చాలా గర్వంగానూ ఉంది.

అక్క దగ్గర ఒక చిక్కు వచ్చిపడింది. దాని కుడిచేతి చిటికెన వేలికి మా అమ్మ వెండి ఉంగరం ఉంది. లోహం తగిలితే పూత చెడిపోతుంది. సబ్బు రాసి లాగినా, నూనె రాసి లాగినా ఉంగరం రాలేదు. ఇక ఆ ఒక్క వేలు వదిలేద్దాం అన్నారు డాక్టరమ్మ గారు. గోరింటాకు పెట్టించుకున్నట్టు ఆడవాళ్ళంతా చేతులు చాచి వరసగా కూర్చున్నారు. మా అక్కకు అరచేతులకూ, తొమ్మిది వేళ్ళకూ పూశాం.

వారం తిరక్కముందే గిడ్డంగిలో పండగ వాతావరణం వచ్చింది. అరచేతులు మెత్తబడ్డాయి, పగుళ్ళు పూడాయి. ఒకావిడ ముప్పై ఏళ్ళ తర్వాత ఎండాకాలంలో తన చేత్తోనే కంటికి కాటుక పెట్టుకున్నానని అందరికీ చూపించింది. మజ్జిగ గిన్నెలు మూలన పడ్డాయి. మా అక్కయితే మూడేళ్ళ మనవరాలు మెర్సీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్ద పెట్టింది. మొదటి రోజు ఆ పిల్ల కెవ్వుమంది. చెయ్యి మండకపోతే కారం పోయిందనుకుంది మా పిచ్చి అక్క. చెయ్యికి తెలియనంత మాత్రాన కారం ఎక్కడికి పోతుంది?

మర్నాటి నుంచి అక్క తనంతట తానే ఒక పద్ధతి పెట్టుకుంది. చేతులు కడుక్కుని చిటికెన వేలు ఎట్లా ఉందో చూసుకునేది. అది చురుక్కుమంటే ఇంకా కారం ఉన్నట్టు, మళ్ళీ కడుక్కునేది. అది చల్లబడ్డాకే మెర్సీకి ముద్ద. నేను చూసి, ఒక్క వేలికి ఇంత పెత్తనమా అని నవ్వాను. డాక్టరమ్మ గారికి చెప్తే ఆవిడ మాత్రం నవ్వలేదు, మంచి ఆలోచన అన్నారు.

ఏప్రిల్ రెండో వారంలో అక్క మధ్యాహ్నం వేళ ల్యాబ్‌కు వచ్చింది. చిటికెన వేలు ఎర్రగా ఉబ్బి, ఉంగరం కోసుకుపోతోంది. రెండు రోజుల నుంచి ఒకటే సలుపు అంది. నేను కుడిచేతిని దీపం కిందికి లాక్కుని ఒక్కో వేలూ నొక్కి చూశాను. బొటనవేలు చల్లగా ఉంది. చూపుడువేలు, నడిమివేలు, చిటికెన వేలి పక్కనున్న ఉంగరం వేలు అన్నీ చల్లగా, మెత్తగా, చూడముచ్చటగా ఉన్నాయి. తొమ్మిది వేళ్ళు బాగుండి, పూత లేని వేలు ఒక్కటే వాచింది. ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాను. మిరప కారం తినేసిందే నీ వేలిని, అన్నాను.

"దానికీ పూసెయ్యరాదా. ఈ సలుపు భరించలేకపోతన్నానే," అంది అక్క.

పూత పూసే అధికారం డాక్టరమ్మ గారికి తప్ప ఎవరికీ లేదు. ఆవిడ ఆ రోజు హైదరాబాదులో ఉన్నారు. ఫోన్ చేసి అడగొచ్చు. అడగలేదు. మా అక్క నా ఎదుట నొప్పితో పళ్ళు బిగబట్టుకుని కూర్చుంది, మందేమో నా వెనక ఫ్రిజ్‌లో ఉంది. కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి అమ్మ ఉంగరం కోయించాను. తిరిగొచ్చి ఆ వేలికి నా చేత్తో పూత పూశాను. రిజిస్టర్‌లో రాయలేదు. సాయంత్రానికల్లా సలుపు పోయిందని, వాపు కూడా దిగిందని అక్క ఫోన్ చేసి దీవించింది.

మూడో రోజు పదకొండు గంటలప్పుడు గిడ్డంగి నుంచి కబురొచ్చింది. కరుణమ్మ కాయలు ఏరుతూ ఏరుతూ వణికిపోయి పక్కకు ఒరిగిపోయిందట. టిక్కీలు మోసే తోపుడు బండి మీద పడుకోబెట్టి ఆడవాళ్ళే పెద్దాసుపత్రికి తోసుకొచ్చారు. టిక్కీ అంటే మా దగ్గర మిర్చి బస్తా. నేను వెళ్ళేసరికి సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కుతున్నా ఒళ్ళు పెనంలా కాలుతోంది, రక్తపోటు పడిపోతోంది. రక్తంలోకి క్రిములు దిగాయి, ఎక్కణ్ణుంచి దిగాయో దొరకడం లేదు అన్నాడు సర్జన్. గొంతు చూశారు, ఛాతీ ఎక్స్‌రే తీశారు, పాదాలు వెతికారు. ఒళ్ళంతట్లో బాగున్నది ఏదైనా ఉంటే అది ఈ కుడిచెయ్యే, అని కూడా అన్నాడు.

ఆ మాట వినగానే నేను పూసిన వేలు గుర్తొచ్చింది.

చేతిని అందుకుని దగ్గరగా చూశాను. చల్లగా ఉంది. భూతద్దం తెప్పించుకుని వేలు వేలూ వెతికాను. ఉంగరం వేలు మొదట్లో నువ్వుగింజలో సగం ఉన్న ఒక చుక్క కనపడింది. బస్తాలు కుట్టే దబ్బనం గుచ్చుకున్న గుర్తు. గుచ్చుకున్నట్టు అక్కకు తెలిసి ఉండదు. తెలిస్తే నీళ్ళతో కడిగేది, పసుపు పెట్టుకునేది, కనీసం ఒకసారి అమ్మా అనేది. సర్జన్ అక్కడ సూది పెట్టి లాగితే పల్చటి నీళ్ళలాంటిది వచ్చింది. చీము లేదు. ఇంత పాడైన చోట చీము లేకపోవడం నేనెప్పుడూ చూడలేదన్నాడు ఆయన.

ఆ చుక్కను ఆసుపత్రి ల్యాబ్‌లోనే రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. క్రిములు గొలుసులు గొలుసులుగా అల్లుకుని ఉన్నాయి. వాటి మధ్యే మా కాపలా కణాలు, ఒకటి, రెండు, ఐదు, ఒక్క క్రిమినీ ముట్టకుండా కూర్చుని ఉన్నాయి. క్రిముల పొర తగులుతోంది, కానీ కేక బయటికి రావడం లేదు. కేక లేదు గనక రక్తంలోంచి ఒక్క సైనికుడూ దిగలేదు. చీమూ నెత్తురూ లేనివాళ్ళని ఎవరినైనా తిట్టేటప్పుడు మనం ఏం అంటున్నామో నాకు ఆ రోజే అర్థమైంది.

మిగతాది తెలుసుకోవడానికి నాకు మైక్రోస్కోప్ అక్కర్లేదు. ఉంగరం వేల్లో చేరిన క్రిములు పక్కకు పాకి చిటికెన వేల్లోకి వచ్చాయి. అక్కడ కాపలా కణాలకు నోరుంది. అవి కేక పెట్టాయి, వేలు ఎర్రబడింది, వాచింది, సలిపింది. మొత్తం చేతిలో నిజం చెబుతున్నది ఆ ఒక్క వేలే. దాని నోరు కూడా నేనే మూసేశాను.

డాక్టరమ్మ గారు అప్పటికే హైదరాబాదు నుంచి తిరిగొచ్చారు. నేను ఫోన్ చేసిన ఇరవై నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నారు. వరండాలోనే ఆవిడకు అంతా చెప్పేశాను, పూత పూసింది, రాయనిది, ఫోన్ చేయనిది. తిట్టండి మేడమ్ అన్నాను.

"తర్వాత తిడతాను. ముందు స్లైడ్ చూపించు," అన్నారు.

చూసి లేచి నేరుగా సర్జన్ దగ్గరికి నడిచారు. సర్జన్ అప్పటికే తేల్చి చెప్పాడు, మణికట్టు దగ్గర చెయ్యి తీసేస్తే మనిషి దక్కుతుంది, గంటలోపల నిర్ణయించుకోవాలి. పూతకు విరుగుడు మా దగ్గర ఉంది. చర్మంలోకి ఇంకి, కణాల నోళ్ళు విప్పే ద్రవం. కానీ ఎలుకల మీద వాడినప్పుడు పదింటిలో మూడింటికి అన్ని కణాలూ ఒక్కసారే కేక పెట్టి, వాపు మితిమీరి, రక్తం ఆడక పాదమే చచ్చిపోయింది. ఆ వాపు విషం ఒంటికి పాకితే ప్రాణానికే ముప్పు. సర్జన్ ఆ మాట విని చెయ్యి తీసేయడమే మేలన్నాడు. ఇందుమతి గారు తన మందు మీద తనకున్న నమ్మకాన్ని గానీ భయాన్ని గానీ దాచుకోలేదు. రెండు దారులూ అక్క మంచం పక్కన నిలబడి తేట తెలుగులో అక్కకే చెప్పారు.

జ్వరంలో కూడా అక్కకు తెలివి ఉంది. నా వైపు తిరిగింది.

"నేనే పూశానక్కా. ఆ వేలికి నేనే పూశాను," అన్నాను. ఇక నా వల్ల కాలేదు, ఏడ్చేశాను.

"నేనడిగితేనే గదే పూసింది. ఏడుపు ఆపు." తల డాక్టరమ్మ గారి వైపు తిప్పింది. "డాక్టరమ్మా, కాపలావోళ్ళని లేపండి. ఎంత మండిద్దో మండనీ. ఈ చెయ్యి లేకపోతే నేనేం చేసుకుని బతకను?"

మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు విరుగుడు రాశాం. సర్జన్ కత్తులు సిద్ధం చేసుకుని పక్కనే నిలబడ్డాడు, వాపు ఎక్కువైతే చర్మం చీల్చి ఒత్తిడి దించడానికి. పావుగంట ఏమీ లేదు. అరగంటకు కూడా చెయ్యి అంతే అందంగా ఉంది. 

ముందు చిటికెన వేలే ఎర్రబడింది. తర్వాత ఉంగరం వేలు మొదలు, తర్వాత అరచెయ్యి. చూస్తుండగానే చెయ్యి బూరెలా పొంగింది. వేలు పెడితే వేడి తగులుతోంది. అక్క మొదట మూలిగింది, తర్వాత మంచం కడ్డీ పట్టుకుని గట్టిగా అరిచింది. "మండతందే సువార్తా, మండతంది!" అని. నేనూ, డాక్టరమ్మ గారూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడ్డాం. అంత సంతోషం కలిగించిన అరుపు నా జన్మలో వినలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా అదే నిజం.

రెండుసార్లు సర్జన్ చర్మం చీల్చాల్సి వచ్చింది. మూడు గంటలకు మళ్ళీ ఒక చుక్క తీసి స్లైడ్ చేశాను. ఈసారి చుక్క పల్చగా లేదు, చిక్కగా, తెల్లగా ఉంది. మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టినదాన్ని మళ్ళీ తీయలేకపోయాను. ఇంతకుముందు ఐదు కణాలు కూర్చున్న చోట ఇప్పుడు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. మూడు ముక్కల కేంద్రకంతో చిన్న చిన్న సైనిక కణాలు, రక్తనాళాల గోడల్లోంచి నలుగుతూ దూరి, ఎవరూ దారి చూపకుండానే సరిగ్గా ఆ చోటికే వచ్చాయి. కొన్ని క్రిములను మింగాయి. కొన్ని మింగలేక, తమ కడుపులోని దారాలనే బయటికి కక్కి వలలా పరిచి చచ్చిపోయాయి. వాటి ఆయుష్షు ఒక రోజు. ఆ ఒక్క రోజూ ఇందుకోసమే. ముప్పై ఏళ్ళు స్లైడ్‌ల మీద వీటిని లెక్కపెట్టి కాగితం మీద అంకె వేశాను గానీ, ఒక్కరోజూ వీటికి మనసులో దణ్ణం పెట్టుకోలేదు. ఆ రోజు పెట్టుకున్నాను.

అక్క బతికింది. చెయ్యి మిగిలింది. ఉంగరం వేలు మొత్తం, నడిమివేలు సగం పోయాయి. చిటికెన వేలు నిలిచింది.

మిగిలిన ముప్పై తొమ్మిది మంది మాట ఏమిటి? ఇందుమతి గారు మర్నాడు పొద్దున్నే విరుగుడు సీసాలు, తెల్లటి బేసిన్ పట్టుకుని గిడ్డంగికి వచ్చారు. ఎలుకల్లో పాడైన పాదాలు మూడూ అప్పటికే పుండ్లు పడినవట. పుండు లేని చేతికి కొద్దికొద్దిగా రాస్తే ముప్పు లేదని రాత్రికి రాత్రి లెక్కలన్నీ మళ్ళీ చూసుకుని వచ్చారు. కొందరు ఆడవాళ్ళు చేతులు వెనక్కి దాచుకున్నారు. మీకేం తెలుసు మా మంట, ఉంచండి, ఏమైనా అయితే మేం పడతాం అన్నారు. ఆవిడ ఎంత చెప్పినా వాళ్ళు ఒప్పుకోలేదు. నాలుగో రోజు అక్క ఆసుపత్రి నుంచే కట్టుకట్టిన చెయ్యితో ఆటోలో వచ్చి వాళ్ళ మధ్య కూర్చుంది. కట్టు విప్పి చూపించింది. ఆ తర్వాత ఒక్కొక్కరే బేసిన్ ముందుకు వచ్చారు. డాక్టరమ్మ గారు నేల మీద కూర్చుని ముప్పై తొమ్మిది మంది చేతులకూ విరుగుడు రాసి, తన చేతులతోనే కడిగారు. మిరప కారం ఆవిడ చేతులకూ పట్టింది. ఎర్రగా వాచిన వేళ్ళతోనే, పరీక్ష ఆపేస్తున్నానని, తప్పు ల్యాబ్‌దేనని ఉత్తరం రాశారు. నా పేరు అందులో రాయలేదు. నేనే కింద ఇంకో కాగితం జతచేసి రాశాను. నన్ను ఆరు నెలలు పక్కన పెట్టారు. అవును, ఆవిడ తిట్టారు కూడా, మాట ఇచ్చినట్టే.

ఏడాది తిరిగి మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఇప్పుడు ఇందుమతి గారు ఇస్తున్నది ఆ పాత మొదటి మందే, నరాన్ని కాస్త మొద్దుబార్చేది. కాపలా కణాల జోలికి వెళ్ళదు. మంట సగమే తగ్గుతుంది, ఎరుపు అట్లాగే ఉంటుంది. ఆడవాళ్ళు దానికే ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ వాళ్ళే ఒక షరతు పెట్టారు, కుడిచేతి చిటికెన వేలికి మాత్రం ఏమీ పూయకూడదని. గిడ్డంగిలో ఇప్పుడు అందరిదీ అదే పద్ధతి. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు మొదటిరోజే నేర్పుతారు. దాన్ని కాపలా వేలు అంటారు.

నిన్న ఆదివారం చర్చి అయ్యాక అక్క ఇంటికి వెళ్ళాను. మామిడికాయ పప్పు, ఊరమిరపకాయలు. శనివారం పొద్దుపోయేదాకా ముచ్చికలు తీసిన చేతుల్ని అక్క సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. చిటికెన వేలు పైకెత్తి పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఇంకా చురుక్కుమంటందే, ఆగు, అని మళ్ళీ కడుక్కుంది. నేను పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆకలి దంచేస్తోంది. విసుక్కున్నాను కూడా.

అక్క వచ్చి నా పళ్ళెం తనవైపు లాక్కుంది. బొటనవేలు, చూపుడువేలు, సగం నడిమివేలు కలిపి, అన్నంలో పప్పు కలిపి, ముద్ద చేసి నా నోటి ముందుకు తెచ్చింది. నాకు యాభై నాలుగేళ్ళు. మిరపకాయల కాలంలో అక్క చేతి ముద్ద తిని నలభై ఎనిమిదేళ్ళయింది.

"ఏందే చూస్తావు, నోరు తెరువు," అంది.

తెరిచాను. పెదవి అంచున కాస్త చురుక్కుమంది. అక్కకు చెప్పలేదు. ఇంకో ముద్దకు నోరు తెరిచాను.